ఈ ఏడాది ప్రీఆంప్‌లు మార్చడం లేదు, గది మారుస్తున్నాను

మా స్టూడియోలో మైక్ సిగ్నల్‌ని పెంచే మంచి ప్రీఆంప్‌లు ఎప్పుడు పెడతారని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పాటలు పాడేవాళ్లు అడిగారు, ఆడియో బుక్స్ చదివేవాళ్లు అడిగారు. ఒకరైతే నీవ్ 1073 అనే పేరున్న ప్రీఆంప్ ఫొటో పంపి, "ఇది మీ దగ్గర ఉంటే నా గొంతు ఇంకా నిండుగా వచ్చేదా?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. డబ్బు కట్టేది మీరు కాబట్టి, నేనేం నిర్ణయించుకున్నానో, ఎందుకో మీకు తెలియాలి.

ఈ ఏడాది ప్రీఆంప్‌లు కొనడం లేదు. అందుకని దాచిన డబ్బులో చాలావరకు గదికి పెడుతున్నాను.

మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని రికార్డ్ చేయదగ్గ స్థాయికి పెంచడమే ప్రీఆంప్ పని. పెంచేటప్పుడు తన సొంత హిస్, అంటే సన్నటి 'స్స్' చప్పుడు, కూడా కొంచెం కలుపుతుంది. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే మన ఇంటర్‌ఫేస్‌లో ఉన్న ప్రీఆంప్‌ల హిస్ లెక్క మైనస్ 128 డీబీయూ (సిగ్నల్ స్థాయిని డెసిబెల్స్‌లో చెప్పే కొలత; మైనస్ అంకె ఎంత పెద్దదైతే హిస్ అంత తక్కువ). 150 ఓమ్‌ల మైక్ తగిలిస్తే, ఆ మైక్ నిరోధం నుంచి పుట్టే హిస్సే సుమారు మైనస్ 131 ఉంటుంది. దాన్ని ఏ ప్రీఆంపూ తగ్గించలేదు. అంటే ఎంత ఖరీదైనది తెచ్చినా, హిస్ విషయంలో నాకు దక్కేది మహా అయితే 3 డెసిబెల్స్.

ఇప్పుడు గది సంగతి చూడండి. తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, ఎవరూ కదలకుండా ఉన్నా మన గదిలో 30 డెసిబెల్స్ దాకా చప్పుడు ఉంటుంది. పాస్కల్‌కి (శబ్దం ఒత్తిడిని కొలిచే ప్రమాణం అది) 20 మిల్లీవోల్టులు ఇచ్చే, చిన్న చప్పుళ్లని కూడా బాగా పట్టే కండెన్సర్ మైక్ పెడితే ఆ చప్పుడు మైనస్ 96 డీబీయూ దగ్గర వస్తుంది. ప్రీఆంప్ హిస్ దానికి 32 డెసిబెల్స్ కిందే ఉండిపోతుంది. కండెన్సర్ మైక్‌తో చేసిన మీ రికార్డింగుల్లో మాటల మధ్య సన్నగా వినిపించేది గది చప్పుడే, ప్రీఆంప్‌ది కాదు.

తక్కువ సిగ్నల్ ఇచ్చే డైనమిక్ మైక్ దగ్గర మాత్రం లెక్క మారుతుంది. ఇక్కడ మీరు అడిగిన దాంట్లో నిజముంది. పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు ఇష్టపడే షూర్ ఎస్ఎం7బీ పాస్కల్‌కి 1.12 మిల్లీవోల్టులే ఇస్తుంది. కనీసం 60 డీబీ (డెసిబెల్స్) గెయిన్, అంటే సిగ్నల్‌ని అంత పెంచడం, కావాలని షూర్ కంపెనీయే చెబుతుంది. అదే గది చప్పుడు ఆ మైక్‌లోంచి మైనస్ 121 దగ్గర వస్తుంది, ప్రీఆంప్ హిస్‌కి దానికి మధ్య 7 డెసిబెల్సే తేడా. మెల్లగా మాట్లాడేవాళ్లకి గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పాల్సి వస్తోంది, అయినా లెవెల్ చాలడం లేదు. అందుకని ఆ మైక్ కోసం మైక్‌కి, ప్రీఆంప్‌కి మధ్య తగిలించే, 25 డీబీ పెంచే చిన్న ఇన్‌లైన్ బూస్టర్ కొన్నాను. మైక్ కేబుల్ ద్వారానే వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో నడుస్తుంది, ఆ వోల్టేజీని మైక్ వరకు పోనివ్వదు. ఇది హిస్‌ని మాయం చేయదు. గెయిన్ చాలని ఇబ్బంది మాత్రం తీరుస్తుంది.

నిజానికి 1073 కావాలనేవాళ్లు హిస్ గురించి అడగడం లేదు, దాని రంగు గురించి అడుగుతున్నారు. 1970లో రూపర్ట్ నీవ్ కన్సోళ్ల కోసం చేసిన మాడ్యూల్ అది. లోపలికీ బయటికీ ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. గెయిన్ బాగా పెంచి అవుట్‌పుట్ తగ్గిస్తే సిగ్నల్‌కి హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు ఉండే ఫ్రీక్వెన్సీలు) కలిసి గొంతు చిక్కబడుతుంది. తెలిసినవాళ్ల దగ్గర ఆ తరహా ప్రీఆంప్ అరువు తెచ్చి, స్ప్లిటర్‌తో ఒకే టేక్‌ని రెండు దారుల్లో రికార్డ్ చేసి చూశాను. లెవెల్స్ చాలా జాగ్రత్తగా సమానం చేశాకే విన్నాను, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే ఎవరికైనా బాగున్నట్టు అనిపిస్తుంది. మామూలు గెయిన్‌లో ఏది ఏదో చెప్పడం కష్టమైంది. గాయని మైక్‌కి నాలుగు వేళ్లు దగ్గరికి జరిగితే వచ్చే మార్పు అంతకంటే ఎక్కువ. గెయిన్ బాగా తోసినప్పుడు మాత్రం తేడా స్పష్టంగా ఉంది, నాకు చాలా నచ్చింది కూడా. ఏదో ఒక రోజు తప్పకుండా కొంటాను. కానీ అలాంటి రంగుని మిక్సింగ్‌లో ప్లగిన్ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తేవచ్చు. గొంతుతో పాటు రికార్డ్ అయిపోయిన గది మోతని తీయాలంటే గొంతు కూడా కొంత దెబ్బతింటుంది.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఆ మోతే. మన గది చిన్నది, సీలింగ్ ఎత్తు తక్కువ. పాడినప్పుడు గొంతు గోడకి, సీలింగ్‌కి తగిలి కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యంగా మైక్‌లోకి తిరిగి వస్తుంది. అసలు గొంతుతో కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలని తినేస్తుంది, కొన్నింటిని ఉబ్బిస్తుంది. "డబ్బాలో పాడినట్టుంది" అని మీలో కొందరు అన్నది దీన్నే. కంప్రెసర్ వేశాక ఇంకా బయటపడుతుంది. గట్టి మాటలని 10 డెసిబెల్స్ అణిచి మొత్తం లెవెల్ 10 పెంచితే, మాటల మధ్య ఉన్న గది చప్పుడు కూడా 10 పైకి వస్తుంది. ఇప్పుడు గోడలకి ఉన్న పలుచటి ఫోమ్ ఎక్కువ ఫ్రీక్వెన్సీలనే పీల్చుకుంటుంది. 100 హెర్ట్జ్ తరంగం పొడవు 3.4 మీటర్లు, దానికి ఫోమ్ ఒక అడ్డే కాదు. అందుకే 10 సెంటీమీటర్ల మందం ఉన్న మినరల్ వూల్ ప్యానెళ్లు గోడకి కాస్త ఎడంగా బిగిస్తున్నాను. మూలల్లో ఇంకా మందంగా, మైక్ పైన సీలింగ్‌కి ఒకటి. దాని చప్పుడు రాకుండా కంప్యూటర్‌ని కూడా గది బయట పెడుతున్నాను.

ఆడియో బుక్స్ చేసేవాళ్లకి దీనివల్ల వెంటనే ఉపయోగం. ఆడిబుల్ వాళ్ల ఆడియో బుక్స్ వేదిక ఏసీఎక్స్‌కి పంపే ఫైళ్లలో నాయిస్ ఫ్లోర్ (మాటలు లేనప్పుడు ఉండే చప్పుడు) మైనస్ 60 డీబీ కంటే తక్కువ ఉండాలి. కొన్ని అధ్యాయాల్లో నాయిస్ రిడక్షన్ వాడి ఆ లెక్కలోకి తెస్తున్నాను. అది వాడినప్పుడల్లా మాట చివర ఊపిరి పలచబడుతుంది, నాకది ఇష్టం లేదు.

రేట్లు పెంచడం లేదు. ప్యానెళ్లు బిగించే వారం స్టూడియో మూసి ఉంటుంది. ఆ వారంలో బుక్ చేసుకున్నవాళ్లకి నేనే ఫోన్ చేసి వేరే రోజు ఇస్తాను. పాటల మధ్యలో ఉన్నవాళ్లు ఒకటి గమనించండి, గది మారాక గొంతు టోన్ మారుతుంది. సగం పాట పాత గదిలో, సగం కొత్త గదిలో వద్దు. పని మొదలయ్యేలోపే పూర్తిచేద్దాం, లేదా మొదటి నుంచి మళ్లీ పాడండి. మళ్లీ పాడే గంటలకి డబ్బు తీసుకోను.

సిగ్నల్ చాలా తక్కువ ఇచ్చే రిబ్బన్ మైక్‌తో వేణువు లాంటి మెత్తటి వాయిద్యం చేయాలనుకునేవాళ్లకి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ రంగు రికార్డింగ్‌లోనే కావాలనుకునేవాళ్లకి మంచి ప్రీఆంప్ నిజంగానే అవసరం. బుక్ చేసేటప్పుడే చెప్పండి, ఆ సెషన్‌కి అద్దెకి తెస్తాను. అద్దె ఎంతయితే అంతే బిల్లులో విడిగా రాస్తాను, పైన ఏమీ వేయను.