గన్నేరుకూ నీళ్లు కావాలి

సంపాదకుల వారికి,

నీటి ఎద్దడిని తట్టుకునే పూల మొక్కల గురించి మీ తోటపని శీర్షికలో వచ్చిన వ్యాసం చదివాను. గన్నేరు గురించి మూడు ముక్కలు రాశారు: ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, నీళ్లు పోయనక్కర్లేదు, తేనెటీగలు బాగా వస్తాయి. మొదటిది నిజమే. మూడోది కాదు, గన్నేరు పువ్వులో మకరందమే ఉండదు. నా పేచీ రెండోదానితో.

నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్క వేళ్లు ఇంకా ఆ సంచీ మట్టిలోనే ముడుచుకుని ఉంటాయి. అది అప్పుడే ఎండను ఎలా తట్టుకుంటుంది? మొదటి ఏడాది నీళ్లు పోయాల్సిందే. అలాగని రోజూ చెంబెడు కుమ్మరిస్తే వేళ్లు పైపైనే పాకుతాయి. వర్షం లేని రోజుల్లో వారానికి ఒకటి రెండుసార్లు పాది నిండా, లోపలి మట్టి కూడా తడిసేలా పోస్తే వేళ్లు తేమను వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. ఆ పైన నేలలో నాటిన మొక్కను దాని మానాన దాన్ని వదిలేయొచ్చు. కుండీలో మొక్కకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

వృక్షశాస్త్రం చెప్పిన దాన్ని కనుక ఇంకొక మాట. గన్నేరు ఆకును తిరగేసి భూతద్దంతో చూడండి. అడుగున చిన్న చిన్న గుంటలు, వాటి నిండా నూగు కనిపిస్తాయి. ఆకులోని నీటి ఆవిరి బయటికి పోయే సన్నని పత్రరంధ్రాలు ఆ నూగు చాటున ఉంటాయి. వడగాలి వాటికి నేరుగా తగలదు కాబట్టి ఆకులోని తేమ తొందరగా ఆవిరైపోదు. ఆకు పైన మైనం లాంటి పూత కూడా దళసరిగా ఉంటుంది. వేళ్లు దిగాక గన్నేరు మొండిగా బతికేది ఈ ఏర్పాటుతోనే.

చాలామంది చేసే ఇంకో పని యూరియా వేయడం. ఆకులు ఏపుగా వస్తాయి, పూలు తగ్గుతాయి. రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల ఉంటే చాలు. కొత్త రెమ్మల చివరే పూస్తుంది కనుక ఒక విడత పూత అయ్యాక కొమ్మలు కత్తిరించాలి.

మీ వ్యాసంలో అసలు లేనిది, తప్పక ఉండాల్సింది, విషం సంగతి. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. అందులోని ఒలియాండ్రిన్ గుండె లయను దెబ్బతీస్తుంది. ఆకులు ఎండినా ఆ గుణం పోదు, కాల్చితే పొగా ప్రమాదమే. కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు ఉండాలి, కొమ్మల్ని మంటలో వేయకూడదు, పశువులకు అందేచోట పారేయకూడదు. అన్నీ నోట్లో పెట్టుకునే పసివాళ్లున్న ఇంట్లో ఈ మొక్క వద్దనే చెబుతాను.

మళ్లీ ఇలాంటి జాబితా వేసినప్పుడు ప్రతి మొక్క పేరు పక్కన రెండు వివరాలు అచ్చు వేయండి: వేళ్లు దిగేదాకా ఎన్నాళ్లు నీళ్లు పోయాలి, అందులో విషం ఉందా లేదా.

– ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు