జనవరిలో దిగే పిల్లలకు మంచు పాఠం ముందే చెప్పించండి: ప్రవాస వ్యవహారాల మంత్రులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల్లో ప్రవాసుల వ్యవహారాలు చూస్తున్న మంత్రివర్యులకు నమస్కారం.

జనవరి సెమిస్టర్‌కు అమెరికా వచ్చే మన విద్యార్థులు సరిగ్గా చలి ముదిరిన రోజుల్లో దిగుతారు. వీసా, బ్యాంకు, ఇన్సూరెన్స్ గురించి చెప్పేవాళ్లు వాళ్లకు బోలెడుమంది. మంచు పడే ఊళ్లో ఇల్లు ఎలా కాపాడుకోవాలో చెప్పేవాళ్లే లేరు. మందపాటి జర్కిన్ కొనుక్కోమంటే సరిపోదండీ.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఫర్నేస్, అంటే ఇల్లు వేడిచేసే యంత్రం, దాని గొట్టం గురించి. చాలా ఇళ్లలో గ్యాస్ ఫర్నేస్ పొగ పక్క గోడలోంచి పొడుచుకొచ్చిన తెల్ల ప్లాస్టిక్ గొట్టం ద్వారా బయటికి పోతుంది. నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి గాలివాటుకు గోడవార పేరుకున్న మంచు దాన్ని ఇట్టే మూసేస్తుంది. అప్పుడు ఫర్నేస్ ఆగిపోవచ్చు, లేదా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకే తిరగబడవచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం వస్తే జలుబేమో అనుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటారు. అందుకే మంచు పడిన ప్రతిసారీ వాకిలికంటే ముందు ఆ గొట్టం చుట్టూ శుభ్రం చేయాలి. ఈ వాయువును పసిగట్టే అలారం ప్రతి అంతస్తులో ఉందో లేదో, పనిచేస్తోందో లేదో ఇంట్లో చేరిన రోజే చూసుకోవాలి. మోగితే అందరూ బయటికి వచ్చేసి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం, చలికాచుకోవడానికి గ్యాస్ ఓవెన్ తలుపు తీసిపెట్టడం కూడా ఇదే ముప్పు తెస్తాయి.

సంక్రాంతికి మన ఊరికి వస్తూ బిల్లు మిగులుతుందని హీటర్ ఆపేసి వచ్చేవాళ్లున్నారు. గోడల్లోని పైపుల్లో నీళ్లు గడ్డకట్టి అవి పగులుతాయి. గడ్డ కరిగాక ఇల్లంతా నీళ్లే. థర్మోస్టాట్ (హీటర్ వేడిని అమర్చే మీట) 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి దించకూడదు, సింకు కింది అలమర తలుపులు తెరిచి ఉంచాలి.

మంచు తీసే పని ఎవరిదో లీజులో చదివి తెలుసుకోవాలి. షికాగోలో సైడ్‌వాక్ (ఇంటి ముందరి కాలిబాట) మీద కనీసం 5 అడుగుల వెడల్పున దారి చేయాలి: పగలు పడిన మంచు రాత్రి 10లోగా, రాత్రి పడింది ఉదయం 10లోగా. అడుగు మందాన మంచు పేరుకున్నాక ఒకేసారి తీద్దామంటే నడుం పోతుంది, గుండె మీదా భారం పడుతుంది. రెండు మూడు అంగుళాలు పడినప్పుడల్లా పారతో తోసేయడమే మేలు. పారకు వంటనూనె స్ప్రే కొడితే తడి మంచు అంటుకోదు. తీరా అంతా అయ్యాక రోడ్డు మీది మంచు తోసే ప్లౌ బండి వచ్చి డ్రైవ్‌వే (రోడ్డు నుంచి ఇంట్లోకి కారు వచ్చే దారి) మూతిలో గట్టు పోసిపోతుంది, దానికీ కాస్త ఓపిక మిగుల్చుకోవాలి!

ఉప్పు చల్లడంలో మనవాళ్ల చెయ్యి పెద్దది. మంచు తీశాక, మిగిలిన ఐసు మీద మాత్రమే చల్లాలి. 20 అడుగుల డ్రైవ్‌వేకు 12 ఔన్సుల కాఫీ మగ్గు నిండా ఉప్పు చాలు. 15 ఫారెన్‌హీట్ కిందికి దిగితే మామూలు రాతి ఉప్పు పెద్దగా పనిచేయదు, కాల్షియం క్లోరైడ్ వాడాలి, లేదా జారకుండా ఇసుక చల్లాలి. వేడినీళ్లు మాత్రం వద్దు. మెట్ల మీద పోస్తే కాసేపట్లో నున్నటి ఐసవుతాయి, కారు అద్దం మీద పోస్తే అది పగలొచ్చు.

రోడ్డు మీద కారు మంచులో ఇరుక్కుంటే దిగి నడక మొదలెట్టకూడదు. సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసి, కిటికీ కొద్దిగా దించి, గంటకు పది నిమిషాలు ఇంజిన్ నడపాలి. గడ్డకట్టిన చెరువుల మీదికి ఫొటోల కోసం వెళ్లడం గురించి గట్టిగానే చెప్పాలి. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ క్యానియన్ సరస్సులో ఐసు పగిలి ముగ్గురు భారతీయులు చనిపోయారు.

మేం అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఇవన్నీ తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేయించి, డిసెంబరు మొదటి వారంలోగా విద్యార్థులకు అందేలా చూడండి. దానితోపాటు ఒక గంట ఆన్‌లైన్ క్లాసు పెట్టించండి. శనివారం రాత్రి ఎనిమిదికి పెడితే మాకిక్కడ ఉదయం, చెప్పడానికి మేం సిద్ధం.

ఇట్లు
షికాగో, బఫలో ప్రాంతాల తెలుగువారు