మా అమ్మాయి దవడ పళ్ళను నిలబెట్టిన వారికి కృతజ్ఞతలు

ఎనిమిదేళ్ళ మా అమ్మాయికి మొన్న శనివారం రెండో దవడ పంటికి కూడా స్టీల్ క్యాప్ అమర్చారు. ఆదివారం రాత్రి అది రెండు వైపులా నములుతూ జొన్నరొట్టె తిన్నది. ఏడాదికి పైగా మా ఇంట్లో కనబడని ఆ దృశ్యం చూశాక, అందుకు కారకులైన వారికి నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మమనిపించింది.

మా అత్తగారిది నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతం. అక్కడి బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎందరి పళ్ళను, ఎముకలను పాడుచేసిందో కళ్ళారా చూసిన కుటుంబం కావడంతో, పాపకు ఆరో ఏట మొలిచిన దవడ పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు కనబడగానే ఇదీ ఆ గారేనని అందరం అనుకున్నాము. "మా ఊరి నీళ్ళ పాపం మనవరాలికి కూడా తగిలింది" అని మా అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పాప పుట్టి పెరిగింది హైదరాబాదులోననీ, తాగింది కృష్ణా నీళ్ళేననీ అప్పుడు ఎవరికీ తట్టలేదు. కొద్ది నెలలకే ఆ పళ్ళ అంచులు పెళ్ళలుగా రాలడం మొదలైంది. సరిగ్గా బ్రష్ చేయడం లేదని నేను దాన్ని రోజూ కోప్పడ్డాను. మేము మొదట వెళ్ళిన చోట పుచ్చు అని చెప్పి సిమెంటు నింపారు. అది రెండు నెలల్లో ఊడిపోయింది. ఆ తర్వాత పన్ను పీకించమన్నారు.

అసలు సంగతి మొదట గమనించినది పాప తరగతి ఉపాధ్యాయిని. మధ్యాహ్నం నీళ్ళు తాగేటప్పుడు తల ఒక పక్కకు వంచుతోందనీ, ఇది బద్ధకం కాదు, నొప్పి అనీ చెప్పి, దంత వైద్య కళాశాలలోని పిల్లల విభాగానికి తీసుకువెళ్ళమన్నది ఆవిడే. నా బిడ్డ బాధను నాకన్నా ముందు చూసినందుకు ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అక్కడి వైద్యురాలు ఆ రోజు పరికరం ముట్టకుండా దాదాపు అరగంట మాట్లాడారు. దీన్ని మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్ అంటారట, అంటే దవడ పళ్ళకు, ముందు పళ్ళకు ఖనిజాలు సరిగ్గా పట్టకపోవడం. ఈ పేరు వాడుకలోకి వచ్చింది 2001లోనే. మొదటి శాశ్వత దవడ పళ్ళ ఎనామెల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, బిడ్డ పుట్టే సమయంలో గట్టిపడడం మొదలై సుమారు మూడేళ్ళ దాకా సాగుతుందనీ, ఆ మధ్యలో ఖనిజాలు సరిగ్గా పట్టకపోతే పన్ను పూర్తి ఆకారంతోనే మొలిచినా సుద్దలా మెత్తగా ఉండి, నమిలే ఒత్తిడికి రాలిపోతుందనీ వివరించారు. ఫ్లోరైడ్ మచ్చలు ఒకే కాలంలో తయారైన పళ్ళన్నిటి మీద, రెండు వైపులా ఒకేలా, అంచు తెలియకుండా పరుచుకుంటాయట. మా పాపకు అలా కాదు. ముందు పళ్ళలో ఒకదాని మీద గీత గీసినట్టు తెల్లటి మచ్చ ఉంటే, పక్క పన్ను శుభ్రంగా ఉంది. పదకొండో నెలలో న్యుమోనియా వచ్చిందని చెప్పాను. చిన్ననాటి జబ్బులకు దీనితో సంబంధం ఉండవచ్చు గానీ, ఫలానా దాని వల్లే వచ్చిందని ఎవరూ గట్టిగా చెప్పలేరని అన్నారు. ఇందులో పాప తప్పుగానీ, నా తప్పుగానీ, ఊరి నీళ్ళ తప్పుగానీ లేదని మా అత్తయ్య చేయి పట్టుకుని చెప్పారు. ఆ ఒక్క మాటకే ఆవిడకు వేయి దండాలు.

ఇలాంటి పళ్ళకు మత్తు సూది సరిగ్గా పనిచేయకపోవచ్చని ముందే తెలిసినవారు కాబట్టి ఆవిడ తొందరపడలేదు. పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్ వార్నిష్ (నీళ్ళలో ఎక్కువైతే చెరుపు చేసే ఫ్లోరైడే, పైపూతగా మేలు చేస్తుంది) పూసి, జివ్వుమనడం తగ్గేదాకా ఆగి, కింది రెండు పళ్ళకు వేర్వేరు రోజుల్లో క్యాప్‌లు వేశారు. పాప చేయి ఎత్తిన ప్రతిసారీ పని ఆపారు. పై పళ్ళకు గ్లాస్ అయొనోమర్ అనే, పంటికి అంటుకునే ఒక రకం సిమెంటు పూత సరిపోయింది. కొందరి విషయంలో పన్ను తీయడమే మేలు కావచ్చుననీ, ఎక్స్‌రే చూశాక మా పాపకు ఆ అవసరం లేదని నిర్ణయించామనీ దాపరికం లేకుండా చెప్పారు. పక్కన నిలబడి పాపకు కథలు చెప్పిన పీజీ విద్యార్థినులకు కూడా నా కృతజ్ఞతలు.

మా అబ్బాయికి ఐదేళ్ళు. వాడి పాల దవడ పళ్ళలో చివరిదాని మీద అలాంటి మచ్చే ఉందని ఆవిడే చూపించి, శాశ్వత పన్ను చిగురులోంచి కనబడగానే తీసుకురమ్మన్నారు. ఇప్పుడు రోజూ రాత్రి టార్చిలైటు పట్టుకుని వాడి నోట్లో చూస్తున్నది మా అత్తయ్యే.