ఎండ జాగ్రత్తలు ముందుగా చెప్పని మీ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ సేవపై ఫిర్యాదు

ఆమదాలవలస,
శ్రీకాకుళం జిల్లా.

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఎండ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపకపోవడం, పరస్పర విరుద్ధమైన సూచనలు ఇవ్వడం గురించి.

అయ్యా,

మార్చి రెండో వారంలో విశాఖపట్నంలోని మీ శాఖలో నేను ఎఫ్.యు.ఇ. పద్ధతిలో, అంటే వెంట్రుకల కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి నాటే పద్ధతిలో, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాను. నాటిన తీరు మీద నాకు ప్రస్తుతం ఫిర్యాదు లేదు; పూర్తి ఫలితం తేలడానికి ఏడాది పడుతుందని నాకు తెలుసు. చికిత్సకు ముందు మీవారెవరూ ఎండ ఊసే ఎత్తకపోవడం, ఆ తర్వాత నేనే అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పడం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

నేను భూముల రీసర్వేలో పనిచేసే సర్వేయరును. రోవర్ అనే కొలత పరికరం పట్టుకుని పొలం గట్ల మీద, హద్దురాళ్ల దగ్గర నిలబడటమే నా ఉద్యోగం. మీ దరఖాస్తులో వృత్తి అన్న చోట ఈ సంగతి స్పష్టంగా రాశాను. మీ కౌన్సిలర్ నా జీతమెంతో, వాయిదాలు ఎన్ని నెలల్లో కట్టగలనో ఎంతో ఓపికగా కనుక్కున్నారు గాని, రోజుకు ఎంతసేపు ఎండలో ఉంటానని మాత్రం అడగలేదు. "వారం తర్వాత నిశ్చింతగా డ్యూటీకి వెళ్లిపోవచ్చు" అన్నారు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవారికి ఆ మాట సరిపోతుందేమో. అరసవల్లి సూర్యనారాయణమూర్తి కొలువున్న జిల్లా నుంచి, అదీ వేసవి ముంగిట్లో, పొలాల్లో తిరిగే మనిషి వస్తే ఎండ గురించి అడగాలని ఎవరికీ తోచకపోవడం నాకు వింతగానే ఉంది.

ఇంటికి పంపేటప్పుడు మీరు ఇచ్చిన కాగితంలో తల ఎలా కడుక్కోవాలో, ఎత్తు దిండు మీద ఎలా పడుకోవాలో, సిగరెట్టు, మద్యం ఎందుకు మానాలో ఉంది. ఎండ గురించి ఒక్క వాక్యం లేదు. అయినా నాచేత డబ్బు కట్టించుకుని ఇచ్చిన కిట్‌లో సన్‌స్క్రీన్ స్ప్రే సీసా ఒకటి ఉంది. దాన్ని ఎప్పటి నుంచి వాడాలో ఎక్కడా రాయలేదు. మీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే ఒకరు రేపటి నుంచే కొట్టుకోవచ్చన్నారు. అప్పటికి నాటిన చోట పక్కులు కూడా రాలలేదు. మరొకరు నెల దాటేదాకా తల మీద టోపీగాని, తలగుడ్డగాని పెట్టనే వద్దన్నారు. ఇంకొకరు అవసరమైతే హెల్మెట్ పెట్టుకుని బండి మీద వెళ్లమన్నారు. ఈ మూడు మాటలూ ఒకే సంస్థ నుంచి వచ్చాయి, ఒక్కటీ వైద్యుడి నోటి నుంచి రాలేదు.

నాటిన గ్రాఫ్టులన్నీ, అంటే వెంట్రుకల కుదుళ్లన్నీ, ఎండకు మాడిపోతాయేమోనన్న భయంతో నేను ఆర్జిత సెలవు పెట్టి, తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నాను. చివరకు శ్రీకాకుళంలోని ఒక చర్మవ్యాధుల వైద్యురాలు అసలు విషయం విడమరచి చెప్పారు. సుమారు పది రోజులు గడిచాక గ్రాఫ్టులు చర్మంలో కుదురుకుంటాయి, ఆ తర్వాత ఎండ వాటిని ఊడబెరకదు. ప్రమాదమంతా మానుతున్న చర్మానికి. ఎర్రబారిన లేత చర్మం మీద ఎండ పడితే ఆ ఎరుపు త్వరగా తగ్గదు, మనలాంటి చామనచాయ వారికి నల్లటి మచ్చలుగా మిగిలిపోయే అవకాశం ఎక్కువ. నాటిన వెంట్రుకలు మొదటి రెండు నెలల్లో చాలావరకు రాలిపోతాయి కనుక అక్కడ చర్మానికి నీడ కూడా ఉండదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, చికిత్స తర్వాత కొన్ని వారాల నుంచి నెలల దాకా తల మీద స్పర్శ సరిగా ఉండదు. చర్మం కాలుతున్నా మనిషికి తెలియదు. సన్‌స్క్రీన్ పుండ్లు పూర్తిగా మానాకే రాయాలని, అందాకా ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఎండకు దూరంగా ఉండాలని, పక్కులు రాలాక వదులైన నూలు టోపీ, గొడుగు వాడవచ్చని ఆమె చెప్పారు. ఆమె ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు పట్టలేదు.

నా భయంలో సగం అనవసరమైనదే. అనవసరమైతే అనవసరమని చెప్పడం కూడా మీ బాధ్యతే కదా. ఈ సంగతులు ముందే తెలిసి ఉంటే నేను కార్తీకమాసం దాకా ఆగేవాడిని. మార్చిలో చేయించుకుంటే తగ్గింపు ఇస్తామని తొందరపెట్టింది మీవారే. ప్రస్తుతం నా నుదుటి పైభాగంలో ఎడమవైపు నల్లటి చార ఏర్పడింది. మీ మాట నమ్మి వారం తర్వాత డ్యూటీకి వెళ్లి కొద్ది రోజులు పొలాల్లో తిరిగాక వచ్చినదది.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ వర్క్‌షాపుల్లోనో యూట్యూబులోనో చూసి నేర్చుకుని చేసే పని కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో జారీ చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. శస్త్రచికిత్సకు అంత శిక్షణ కావాలన్నప్పుడు, ఆ తర్వాతి జాగ్రత్తలను ఫోన్ ఎత్తినవారి ఊహకు వదిలేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కనుక నాకు చికిత్స చేసిన వైద్యుడే స్వయంగా నన్ను పరీక్షించి, ఆ చారకు రుసుము లేకుండా చికిత్స అందించాలని, నా వృత్తిని దృష్టిలో పెట్టుకుని ఏ దశలో ఎంతసేపు ఎండలో ఉండవచ్చో సంతకంతో రాసి ఇవ్వాలని కోరుతున్నాను. వాడే విధానం చెప్పకుండా అంటగట్టిన కిట్ ధర తిరిగి చెల్లించండి. మీ దరఖాస్తులో ఎండ గురించిన ప్రశ్నను, ఇంటికి ఇచ్చే కాగితంలో ఎండ జాగ్రత్తలను చేర్చినట్లు నాకు లిఖితపూర్వకంగా తెలియజేయండి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా సమాధానం రాని పక్షంలో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కు నాకు ఉంది కనుక, శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. రసీదుల నకళ్లు, మీ డిశ్చార్జి కాగితం, చార ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
మీ విశాఖపట్నం శాఖలో చికిత్స పొందిన వినియోగదారుడు