కాగితం లేకపోవడం ఎవరి తప్పు?

సంపాదకుడు గారికి,

ఒడిశాలోని మా రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో పోడు పట్టా దరఖాస్తు వెనక్కి వచ్చిందంటే తరచూ వినిపించే కారణం 'కాగితం లేదు' అని. ఆ కాగితం ఎందుకు లేదో అడిగేవాళ్ళు తక్కువ.

1936 ఏప్రిల్ 1 దాకా ఈ కొండలు విశాఖపట్నం జిల్లాలోవే. 1839 చట్టంతో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా కూర్చోబెట్టింది. శిస్తు వసూలు చేసేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. ఆయన కింద జయపురం జమీందారు, ఊళ్ళ గుంపులపై శిస్తు వసూలు చేసే ముఠాదారులు, వెట్టి. కొండపోడును కొలిచినవాళ్ళే లేరు, ఇక పట్టా ఎక్కడిది? స్వాతంత్ర్యం వచ్చాక భూములు కొలిచి హక్కులు రాసిన సెటిల్‌మెంటులోనూ వాలు భూములు చాలామటుకు సర్కారు ఖాతాలోకే వెళ్ళాయి.

ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీలపై వచ్చిన 1917 చట్టం వడ్డీని ఏడాదికి 24 శాతానికి కట్టడి చేసింది. కొండజాతివాళ్ళ భూమి బయటివాళ్ళకు పోవాలంటే ఏజెంటు రాతపూర్వక అనుమతి ఉండాలంది. చట్టం మంచిదే, తాళం మాత్రం ఒక్క అధికారి జేబులో. గిరిజనుల భూబదిలీపై ఒడిశా తెచ్చిన 1956 రెగ్యులేషను కూడా ఆ అనుమతి పద్ధతినే ఉంచుకుంది. గిరిజనేతరులకు ఆ దారి మూసింది 2002లో. ఈలోగా భూములు పోగేసినవాళ్ళలో మైదానం నుంచి వచ్చిన మన తెలుగు సావుకార్లూ ఉన్నారు. అంతా తెల్లదొరల నెత్తిన రుద్దితే కుదరదు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ చిక్కు తెలిసి చేసిందే. పట్టాయే కావాలని అందులో ఎక్కడా లేదు. రెండు ఆధారాలు చాలు. ఊరి పెద్దలు చెప్పింది రాసుకుంటే అదొక ఆధారం. పొలం గట్లు, పాత బావి, శ్మశానం కూడా ఆధారాలే. ఉపగ్రహ చిత్రం ఒక్కటే చూపి కొట్టేయకూడదు. గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. తప్పు జరిగేది ఇక్కడే: సభను గూడెంలో కాక పంచాయతీ కేంద్రంలో పెడితే కొండ దిగి వచ్చేది ఎందరు? తర్వాత ఖాళీ తీర్మానం మీద వేలిముద్రలు. చివరి మాట మళ్ళీ జిల్లా కమిటీదే, దానికి అధ్యక్షుడు కలెక్టరే!

జిల్లా కమిటీ దాకా పోకముందే కింది స్థాయిలో తిరస్కరిస్తే 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటగా 'కాలేదు' అని పంపేస్తే దేనిమీద అప్పీలు చేస్తారు? ప్రతి తిరస్కరణకూ కారణం రాసి, తేదీ వేసి, దరఖాస్తుదారు చేతికివ్వాలి. నకలు గూడెంలో అంటించాలి. కాగితం లేదని ఇప్పటికే కొట్టేసినవాటిని తిరిగి గ్రామసభకు పంపి, పెద్దల వాంగ్మూలాలు తీసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా