చలికాలం కరెంటు రేటుకి పైహద్దు పెట్టండి

ఎడిటర్ గారికి నమస్తే,

చలికి హోల్‌సేల్ కరెంటు రేట్లు పెరిగాయని వార్త వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు, టైముని బట్టి రేటు పెడితే జనమే సర్దుకుంటారని. మాది కొరాపుట్ జిల్లా సిమిలిగుడ, చిన్న టిఫిన్ హోటల్. ఇక్కడి డిసెంబర్ చలికి పిండి పులవదండీ, అందుకే మధ్యాహ్నమే రుబ్బి పెట్టేస్తాం, అంటే గ్రైండర్ ఎండ కరెంటు దండిగా ఉండే సోలార్ టైములోనే తిరుగుతోంది, బానే ఉంది. మరి పొద్దున్న గీజరు, చట్నీ మిక్సీ, లైట్లు ఎప్పటికి జరపాలి? ఇడ్లీ మధ్యాహ్నం రెండింటికి ఎవరు తింటారు?

2021 ఫిబ్రవరిలో అమెరికాలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు ఏమైందో చూడండి. గ్యాస్ బావులు, పైపులు, ప్లాంట్లు చలికి ఆగిపోయాయి, ఇళ్లల్లో హీటర్లేమో ఆగవు, బయట రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామంటే వాళ్ల గ్రిడ్ దాదాపు వేరు. హోల్‌సేల్ రేటు మెగావాట్ అవర్‌కి, అంటే వెయ్యి యూనిట్లకి, 9,000 డాలర్లకి పోయి రోజుల తరబడి అక్కడే ఉంది, మన లెక్కలో యూనిట్ దగ్గర దగ్గర 650 రూపాయలు! నెలకి పది డాలర్లు ఫీజు కడితే హోల్‌సేల్ రేటుకే ఇస్తామన్న కంపెనీని నమ్మినోళ్లకి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. తర్వాత అక్కడి ప్రభుత్వమే ఇళ్లకి అలాంటి ప్లాన్లు బంద్ చేసింది.

కరెంటు కంపెనీలు హోల్‌సేల్‌లో కొనుక్కునే మన ఎక్స్ఛేంజ్‌లో పావుగంటకో రేటు. 2022 మార్చిలో యూనిట్ 20 రూపాయలు తాకాక సీలింగ్ 12 చేశారు, 2023లో 10 చేశారు. అక్కడ కొనే కంపెనీలకి పైహద్దు పెట్టారు, మంచిదే. కానీ 2023 కేంద్రం రూల్స్‌లో ఇళ్లకి పీక్ టైము (వాడకం ఎక్కువుండే వేళ) రేటు మామూలు రేటుకి కనీసం 1.1 రెట్లు ఉండాలన్నారు, షాపులకి, ఫ్యాక్టరీలకి 1.2. కనీసం రాసిన చేత్తోనే గరిష్టం కూడా రాయాలి కదా, అది కరెంటు రేట్లు తేల్చే రాష్ట్ర కమిషన్ చేతిలో వదిలేశారు. నేనడిగేది అదొక్కటే, ఒడిశా కమిషన్ ఆ పైహద్దు ముందే చెప్పాలి. 1955 నుంచి నడుస్తున్న మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం ఈ జిల్లాలోనే ఉంది, ఇక్కడి ఊళ్లు ముంచి కట్టింది, ఆ నీళ్ల కరెంటు పక్కనుండగా మాకు ఎక్స్ఛేంజ్ రేట్ల భయమేంటి అని కూడా అనిపిస్తుంది, అది వేరే గొడవ.

రేట్ల మీద కమిషన్ విచారణ భువనేశ్వర్‌లో, హీరాఖండ్ రైలెక్కితే రాత్రంతా ప్రయాణం. నోటీసేమో తెలుగు పేపర్లో మా కంటపడదు. మీరు ఆ విచారణ డేటు వేస్తే మా అభ్యంతరాలు పోస్టులో అయినా పంపుకుంటాం.

— ఒక హోటల్ వ్యాపారి, సిమిలిగుడ, కొరాపుట్ జిల్లా