బీపీ గోలీలు వచ్చే వారం వస్తాయట: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి నమస్కరిస్తూ రాస్తున్నాను. ప్రజావాణిలో ఇచ్చిన దరఖాస్తులకు రసీదులు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. రసీదైనా ఇచ్చారు, సంతోషం.

మా ఊరి సబ్‌సెంటర్‌లో బీపీ గోలీలు నెలకు సరిపడా ఇవ్వరు. పది రోజులకు ఇచ్చి, మళ్లీ వెళ్తే స్టాక్ లేదు, వచ్చే వారం రండి అంటారు. ఆ వారం వస్తే ఆశా అక్క ఫోన్ చేసి "ఇంకా రాలేదన్నా" అంటుంది. ఆమెను ఏమనగలం? ఊరోళ్ల తిట్లన్నీ పడేది ఆమే. బయట కొని తెచ్చి పెడితే డెబ్బై దాటిన మా బాపు "తలనొప్పి లేదు గదరా, ఇంకెందుకు పైసలు దండుగ" అని పక్కన పెడతాడు. సర్కారు ఊరికే ఇస్తే వేసుకుంటాడు, మనం కొనిస్తే వేసుకోడు. ముసలోళ్ల లెక్కలు అట్లనే ఉంటాయి.

కొన్నాళ్లుగా బాపు నడక మారింది. అడుగు లేవదు, నేలకు రాసుకుంటూ వస్తుంది. ఒకసారి పడ్డాడు కూడా. మూత్రం ఆపుకోలేకపోతున్నాడు. ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి చాలాసేపు పడుతుంది. హనుమకొండలో మా డబ్బులతోనే ఎమ్మారై తీయించాం. మెదడులోని తెల్ల పదార్థంలో మచ్చలున్నాయి, మచ్చలు ఎంత ఎక్కువున్నాయో చెప్పే ఫజెకాస్ కొలతలో గ్రేడ్ 2 అని రిపోర్టు వచ్చింది. ఆ కొలత గ్రేడ్ 3తో ఆఖరు. ఆ కాగితం పట్టుకుని సర్కారు దవాఖానకు వెళ్తే, "వయసు మచ్చలు, అందరికీ ఉంటాయి" అని తిరిగి చేతిలో పెట్టారు.

నిజమే, అరవై దాటినవాళ్లలో చాలామందికి ఎంతో కొంత ఉంటాయి. మచ్చలున్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు కూడా. కానీ ఎక్కువగా ఉన్నవాళ్ల సంగతి వేరని న్యూరాలజీ డాక్టరు చెప్పారు. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మెదడు లోపలి సన్నని రక్తనాళాలు గట్టిపడతాయి. కాకతీయ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు అందనట్టే లోపలి తెల్ల పదార్థానికి రక్తం సరిగ్గా అందదు. మెదడులో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబురు మోసేది అదే కాబట్టి ముందు నడక, ఆలోచనలో చురుకు దెబ్బతింటాయి. ఇలాంటి మచ్చలుంటే పక్షవాతం ముప్పు సుమారు మూడు రెట్లు, డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ముప్పు దాదాపు రెండు రెట్లు ఉంటుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 2010లోనే తేల్చారు. వచ్చిన మచ్చలు పోవడం కష్టం, పెరగకుండా చూసుకోవాలి. అమెరికాలో చేసిన పరీక్షలో పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవాళ్లకు, 140 లోపు చాలనుకున్నవాళ్లకంటే మచ్చలు తక్కువగా పెరిగాయని 2019లో వచ్చింది. ఎవరికి ఎంత ఉండాలో డాక్టర్లు చెప్తారు. మాకు 120, 140 అనే తేడా కాదు సార్, గోలీ ఉందా లేదా అన్నదే టెన్షన్.

ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచిదే. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఆ కార్డు పనికొస్తుంది. పడకుండా ఆపే గోలీకి మాత్రం దిక్కు లేదు. రూపాయల్లో పోయేదాన్ని లక్షల దాకా తెచ్చి అప్పుడు ఆదుకుంటాం అనడం ఏ లెక్కో మీ అధికారులే చెప్పాలి.

దయచేసి గోలీలు ఆగకుండా పంపండి. పదే పదే రకం మార్చకుండా పంపండి. నడక మారిన ముసలోళ్లను వయసు అని పంపించేయకుండా బీపీ, షుగర్ చూసి, అవసరమైతే పెద్ద డాక్టరు దగ్గరికి రాసివ్వమనండి. స్కానింగ్ ఖర్చు సంగతి కూడా ఆలోచించండి. ముందు గోలీలు పంపండి సార్. ఈ లేఖ రాస్తున్న రోజున కూడా మా సబ్‌సెంటర్‌లో స్టాక్ లేదు.

ఇట్లు,
ఒక రైతు బిడ్డ,
పరకాల మండలం, హనుమకొండ జిల్లా